పిల్లిని చూసి పందిరెక్కిన పరాక్రమం

పైడికొండ రాజు రణధీర భూపతికి ఒకరోజు భోజనాల దగ్గర ఉన్నట్టుండి ఓ ముచ్చట పుట్టింది. పక్కన కూర్చున్న పిల్లలిద్దర్నీ, "ఇవాళ గురువుగారు ఏం చెప్పారర్రా?" అని అడిగాడు.

రాకుమారి కనకవల్లి తల దించుకుని అన్నం కెలుకుతూ కూర్చుంది. తమ్ముడు సుదర్శనుడు మాత్రం హుషారుగా, "గోడ మీద బల్లి ఈగను పట్టింది నాన్నగారూ!" అన్నాడు.

అంతే, రాజుగారికి ముద్ద దిగలేదు.

ఆ పిల్లలకి చదువంతా కోటలోనే. చెప్పేది విశ్వంభర పండితుడు. ఆయన ఘనత ఏమని చెప్పను! పొద్దున్నే మొదలెడితే ఎండ నడినెత్తికెక్కేదాకా ఆపడు. పైగా ప్రతి మాటా మూడుసార్లు చెప్పడం ఆయనగారి ఆనవాయితీ. మూడోసారి ఎలాగూ చెబుతాడు కదా, మొదటిసారి వినడం దేనికి? ఆ పిల్లలు హాయిగా బల్లిని చూస్తూ కూర్చునేవాళ్ళు. మనమైనా అదే చేస్తాం.

రాజు పండితుణ్ణి పిలిపించి సంగతేమిటని అడిగాడు.

"లోపం నా బోధలో లేదు ప్రభూ! నా బోధలో లేదు! నా బోధలో లేనే లేదు! పిల్లలకే కుదురు లేదు. అడవిలో మా అన్నగారి గురుకులం ఉంది. పన్నెండేళ్ళు అక్కడ పడేస్తే దారికొస్తారు" అన్నాడాయన.

రాణి రత్నాంబ ఉలిక్కిపడింది. "పన్నెండేళ్ళా! పాలపళ్ళు కూడా ఊడని పసివాణ్ణి అడవికి పంపుతారా? నా వల్ల కాదు బాబోయ్!" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అక్కడే ఉన్నాడు కూచన. రోజూ సభ మొదలవగానే రాజుగారి బిరుదులు ఎలుగెత్తి చదవడం అతని కొలువు. రాణిగారి ఏడుపు చూడలేకపోయాడు.

"ప్రభూ, పౌర్ణమి దాకా పిల్లల్ని నాకు అప్పగించండి. అప్పటికీ కుదురు రాకపోతే తమ చిత్తం."

పండితుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "బిరుదులు అరిచేవాడు చదువు చెబుతాడట, విన్నారా!"

"సరే కూచనా, పౌర్ణమినాడు సభలో తేలిపోవాలి. పిల్లలకి ధ్యాస కుదరలేదో, మర్నాడే అడవికి ప్రయాణం" అన్నాడు రాజు.

మర్నాడు కూచన పిల్లల్ని తోటకి తీసుకెళ్ళాడు. పూతరేకులు ఏ చెట్టు కింద దాచాడో చెప్పాడు. పిల్లలు ఉడతను చూస్తున్నారు.

"ఏ చెట్టన్నావ్?" అంది కనకవల్లి తీరిగ్గా.

"చెప్పేశానమ్మా. నేను ఏదైనా ఒక్కసారే చెబుతాను."

అని ఊరుకున్నాడా? వాళ్ళ కళ్ళెదుటే ఆ చెట్టు కింద చతికిలబడి, ఒక్కోటీ తీసి తినేసి, వేళ్ళు కూడా నాకాడు! "నువ్వు దుర్మార్గుడివి!" అని సుదర్శనుడు కాళ్ళు నేలకేసి కొట్టాడు.

ఆ మర్నాటి నుంచి కూచన నోరు తెరిస్తే చాలు, ఉడతలు వచ్చినా, కోతులు వచ్చినా ఆ కళ్ళు పక్కకి తిరగలేదు. చిన్న కథ చెప్పి, "ఇప్పుడు మీరు నాకు చెప్పండి" అనేవాడు. వాళ్ళకి ఆవులింత రాకముందే ఆపేసి, ఆడుకోమని తరిమేవాడు. ఇంకొక్క కథ చెప్పమని పిల్లలే అతని వెంటపడేవాళ్ళు.

పౌర్ణమి రానే వచ్చింది. సభ కిటకిటలాడుతోంది. తెర వెనక రాణి గుండె గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంది. ఎన్నడూ సభకి రాని పిల్లలిద్దర్నీ రాజుగారి పక్కన కూర్చోబెట్టారు. కూచన లేచి, ఎప్పటిలాగే గొంతెత్తాడు.

"పరాక్! పరాక్! అరిరాజ గజకేసరీ! శరణాగత వజ్రపంజరా! పిల్లిని చూసి పందిరెక్కు పరాక్రమశాలీ! పైడికొండ పరిపాలకా! బహు పరాక్!"

రాజు మీసం దువ్వుకుంటూ తల ఊపాడు. రాజు ఊపాడు కాబట్టి మంత్రులూ ఊపారు. పండితుడు, "భళా! అక్షర సత్యం! అక్షర సత్యం! అక్షర సత్యం!" అన్నాడు.

పిల్లలిద్దరూ పకపకా నవ్వారు.

"చూశారా ప్రభూ! వినే ధ్యాసే లేదు! ఇంకా ఆలోచిస్తారేం, పంపించేయండి!" అని పండితుడు ఎగిరిపడ్డాడు.

"ఎందుకర్రా ఆ నవ్వు?" రాజు కళ్ళెర్రజేశాడు.

కనకవల్లి లేచి నిలబడి, కూచన చదివిన బిరుదులు మొదటి నుంచి చివరిదాకా పొల్లుపోకుండా అప్పజెప్పింది. చెప్పి, "మీరు నిజంగా పిల్లిని చూసి పందిరెక్కారా నాన్నగారూ?" అని అడిగింది.

"ఏ పందిరి నాన్నగారూ? దొండపందిరేనా?" అన్నాడు సుదర్శనుడు.

రాజు పండితుడి వైపు తిరిగాడు.

"పండితులవారూ, ఇది అక్షర సత్యమా?"

మూడుసార్లు కాదు కదా, ఒక్కసారి కూడా పండితుడి నోరు పెగల్లేదు పాపం.

"కూచనా! నిండుసభలో నన్ను ఇంత మాట అంటావా! ఎంత ధైర్యం నీకు!" అన్నాడు రాజు.

కూచన చేతులు జోడించాడు.

"ప్రభూ, పిల్లల్ని నాకు అప్పగించిన మర్నాటి నుంచీ రోజూ అంటూనే ఉన్నాను. తమరు రోజూ తల ఊపుతూనే ఉన్నారు. వినేవాళ్ళు సభకి వచ్చింది ఇవాళే!"

రాజు మంత్రుల వైపు చూశాడు. మంత్రులు తమ కాలివేళ్ళ వైపు చూసుకున్నారు. ఇంకేముంది, రాజుగారు సింహాసనం మీద పడి పడి నవ్వారు. మెడలోని ముత్యాలహారం తీసి కూచన మెడలో వేశారు.

"నా పిల్లలు ఎక్కడికీ వెళ్ళరు. వాళ్ళకి పాఠం ఇక నువ్వే చెప్పు. రేపటి నుంచి ఆ పాఠానికి ఈ మంత్రులంతా వచ్చి కూర్చుంటారు. నేనూ వస్తాను!"

తెర వెనక నుంచి రాణిగారి నవ్వు సభంతా వినబడింది.