వెదురుకప్ప పిలుపు మధ్యలో ఎందుకు ఆగుతుంది

ఒకప్పుడు వెదురుకప్ప ఇలా గోరంత ఉండేది కాదర్రా. అరచెయ్యంత ఉండేది. కొండవాగులో గుడ్లు పెట్టేది.

ఆ వాగు ఒడ్డున బెకన్న అనే కప్ప, వాడి పెళ్లాం నీలి కాపురముండేవాళ్లు. ఏటా నీలి గుడ్లు పెట్టడం, వాన రాగానే వాగు పొంగి వాటిని ఊడ్చుకుపోవడం. ఒక్క పిల్లా దక్కలేదు. కడుపు మండి నీలి వాగునే నిలదీసింది. వానొస్తే నా ఒళ్లు నాకే తెలీదమ్మా, నేనేం చెయ్యను అంది వాగు. ఏడ్చినట్టే ఉంది సంజాయిషీ.

ఇద్దరూ వెళ్లి వెదురుపొదను చోటడిగారు. వెదురు పాపం మంచిదే. కానీ గడ లోపలికి దారంటే పురుగు తొలిచిన బెజ్జం ఒక్కటే, చిక్కుడుగింజంత. దూరాలంటే చిక్కిపోవాలి. పిల్లల కోసం తిండి మానేశారు. ఎండి ఎండి గోరంతయ్యారు.

నీలి గడ లోపల తడిగోడకు గుడ్లు అంటించింది. చీమలు రాకుండా బెకన్న కాపలా కూర్చున్నాడు. నీలి బయటికెళ్లి తిండి తెచ్చేది. పొదలో గడలన్నీ ఒక్కలాగే ఉంటాయి కదా, అందుకని చీకటిపడే వేళకు బెకన్న లోపలినుంచి టిక్కు టిక్కుమని పిలిచేవాడు. ఆ పిలుపు పట్టుకునే ఆమె ఇల్లు చేరేది.

ఒక సాయంత్రం పిలవబోతుంటే కింద ఎండుటాకులు గలగలమన్నాయి. పాము. ఆ బెజ్జంలో దూరేంత సన్నటి పాము. నోరెత్తితే గుడ్లు ఏ గడలో ఉన్నాయో దానికి తెలిసిపోతుంది.

అప్పుడే నీలి వచ్చింది. ఈ గడా ఆ గడా తడుముకుంటూ తిరిగింది.

"ఎక్కడున్నావయ్యా? ఒక్కసారి పలుకు" అంది.

బెకన్న గుడ్ల వైపు చూశాడు. నోరు మూసుకున్నాడు.

"పలకవేం?" అంది నీలి, సరిగ్గా పక్క గడ మీదినుంచి. ఆ తర్వాత ఆమె గొంతు వినబడలేదు.

పాము కడుపు నింపుకుని వెళ్లిపోయింది. గుడ్లన్నీ బతికాయి. వాగు మొహం చూడకుండానే పిల్లకప్పలై బయటికొచ్చాయి. అమ్మేదని అడిగాయి. బెకన్న బెజ్జం దగ్గర కూర్చుని పిలవడం మొదలుపెట్టాడు, పిచ్చి తండ్రి.

అప్పటినుంచే వెదురుకప్ప గోరంత ఉంటుంది, గుడ్లకు తండ్రే కాపలా ఉంటాడు. చీకటిపడితే గడలోంచి పిలుస్తాడు. మీ అడుగుల చప్పుడైతే చాలు, ఠక్కున ఆపేస్తాడు. కాసేపు ఊరుకుని మళ్లీ పిలుస్తాడు, నీలి ఇంకా దారి వెతుక్కుంటోందని.