గిజిగాడు సగం గూడు దగ్గర ఎందుకు ఆగుతాడు?

ఒకప్పుడు గిజిగాడికి ఆగడమనేదే తెలియదు. ముక్కుతో గడ్డిపోచ అందుకున్నాడంటే సాయంత్రానికల్లా గూడు పూర్తి కావలసిందే.

గిజిగాళ్లందరిలోకీ చురుకైనవాడు బుల్లియ్య. వాడి గూడు గాలికి ఊగుతుంటే ఒక కాకి చూసింది.

“ఒరే బుల్లియ్యా, నాకూ ఒకటి అల్లిపెట్టరా!”

అల్లిపెట్టాడు. కాకి అందులో ఊగుతూ కేరింతలు కొట్టింది. అది చూసి మైనా వచ్చింది, పావురం వచ్చింది. గుడ్లగూబ చీకటి గది కావాలంది. ఆఖరికి కోడి కూడా వచ్చి, “నాకు కాస్త వెడల్పుగా, నాయనా” అంది.

బుల్లియ్యకి కాళ్లు నేలమీద ఆనలేదు. తమ్ముళ్లనీ బావమరుదుల్నీ పిలిచి ఏటిగట్టున గూళ్ల ఫ్యాక్టరీ పెట్టేశాడు. ఒకడు గడ్డి పీకుతాడు, ఒకడు చీలుస్తాడు, ఒకడు ముడేస్తాడు. టకటకా, చకచకా! ఈతచెట్టు నిండా గూళ్లే గూళ్లు.

గట్టు మాత్రం బోడిగుండైపోయింది.

“ఒరే అబ్బీ,” అంది ఏరు, “నా గట్టును పట్టుకున్నది ఆ గడ్డేరా. వేళ్లతో సహా పీకేస్తే, నేను పొంగినప్పుడు మట్టి నిలుస్తుందా?”

“గడ్డే కదా ఏరమ్మా, మళ్లీ మొలుస్తుందిలే!”

“నువ్వు మొలవనిస్తేగా!” అంది బుల్లియ్య భార్య నాంచారి, అదే చెట్టు మీద గుడ్లు పొదుగుతూ.

బుల్లియ్య వింటేగా! కోడి పట్టాలంటే గూటికి ఎంత వాకిలి పెట్టాలా అని తలబద్దలు కొట్టుకుంటున్నాడు.

తొలకరి పడింది. ఏరు పొంగింది. గట్టు బెల్లంలా కరిగిపోయింది. ఈతచెట్టు ఒరిగి ఒరిగి గూళ్లన్నిటితో సహా నీళ్లలోకి దభాలున వాలింది. కాకి కావుకావుమంటూ ఎగిరిపోయింది. కోడి గూట్లో ఇరుక్కుని, గిరగిరా తిరుగుతూ, “దించండిరా బాబూ!” అని అరుస్తూ తేలిపోయింది.

కానీ నాంచారి గూడు కూడా కొట్టుకుపోతోంది, గుడ్లతో సహా.

“అయ్యో, నా పిల్లలు!” అంటూ బుల్లియ్య వెళ్లి గూటి అంచు కరుచుకున్నాడు. ఇంకో అంచు నాంచారి పట్టింది. తమ్ముళ్లూ బావమరుదులూ కూడా పట్టారు. లాగి లాగి అవతలి ఒడ్డుకు చేర్చారు. అక్కడ ఎవరూ పీకని గడ్డి ఒత్తుగా ఉంది. గూడు దానికి చిక్కుకుని ఆగింది. గుడ్లు చెక్కుచెదరలేదు. కోడి కూడా అక్కడే ఒడ్డెక్కి, ఒళ్లు దులుపుకుని, “నాకు నేలే హాయి” అంటూ ఇంటికి పోయింది.

బుల్లియ్య తల దించుకున్నాడు. “ఎక్కడ ఆగాలో నాకు తెలియడం లేదే. నువ్వే చెప్పు.”

“సగం అల్లి ఆగు,” అంది నాంచారి. “నేనొచ్చి గూడూ చూస్తాను, గట్టూ చూస్తాను. సరే అంటేనే మిగతా సగం. అదీ మన ఇంటికే, ఊరందరికీ కాదు.”

అప్పటినుంచే గిజిగాడు సగం గూడు అల్లి, రెక్కలాడిస్తూ వాళ్లావిడ కోసం ఎదురుచూస్తాడు. ఆవిడ వచ్చి లాగి, పొడిచి, తొంగి చూస్తుంది. ఏటి ఒడ్డు చెట్లకి సగం గూళ్లు వేలాడుతూ కనిపించాయా, అక్కడ ఆవిడ ఇంకా సరే అనలేదన్నమాట!