పనసచెక్క కళ్ళు

వీణల పోటీకి వడ్రంగి నూకన్న చేసిన వీణను, రాజు ఎదుటే ఆస్థాన పరీక్షకుడు శరభయ్య ఓరకంట చూసి, "నాసిరకం చెక్క, పొయ్యిలో పెట్టండి" అన్నాడు.

"ఈ పనసచెక్కకు కళ్ళున్నాయి బాబూ. అబద్ధమాడినవాణ్ణే చూస్తాయి" అంటూ నూకన్న దీపం జరిపాడు. చెక్క చారల్లో రెండు కళ్ళు మెల్లగా తెరుచుకున్నాయి.

శరభయ్య వెనక్కి గెంతాడు. "నా అల్లుడి వీణ నెగ్గాలనే అలా అన్నాను!" అంటూ పారిపోయాడు.

"దయ్యమా?" రాజు గుసగుసగా అడిగాడు.

"కాదు ప్రభూ. మేలైన చెక్కలో చారలు వెలుగును బట్టి కదులుతాయి." నూకన్న దీపాన్ని మళ్ళీ పాతచోట పెట్టాడు. కళ్ళు మూసుకున్నాయి.

"హమ్మయ్య! నేనైతే జన్మలో అబద్ధమాడలేదు" అన్నాడు రాజు.

కళ్ళు తెరుచుకున్నాయి.

"దీపం కదల్లేదే! నన్నెందుకు చూస్తున్నాయిరా?"

నూకన్న తల దించుకున్నాడు. "అది తమరికే తెలియాలి, ప్రభూ."