వేపనూనె పూసిన మేక

మిరపతోట పక్కన సూరమ్మ పశువుల పాక. అందులో గంగడనే ముసలి ఎద్దు, చుక్క అనే మేక ఉండేవి. ఆ ఏటి వానలకు చుక్క ఒంటినిండా పిడుదులు పట్టాయి. సూరమ్మ వేపనూనె తెచ్చి చెవుల నుంచి తోకదాకా పట్టించింది.

"ఈ కంపుతో ఊరి మేకల మందలో ఎలా తిరగను, బాబాయ్?" అని చుక్క మూతి ముడుచుకుంది.

"ఓర్చుకో అమ్మాయ్," అన్నాడు గంగడు. "నా మెడమీద కాడి పుండు మానింది ఆ నూనెతోనే. మిరప వేళ్లకు పురుగు పట్టకుండా కాసేది వేపపిండి. గింజల గాదెలో సూరమ్మ వేసేదీ వేపాకే. నాలుగు రోజులాగితే నీ బొచ్చు కూడా నిగనిగలాడుతుంది."

చుక్క వినిపించుకోలేదు. మర్నాడు మేతలో మంద దానికి దూరంగా జరిగింది. ఒంటరిగా దిగులుపడుతున్న చుక్కను పొదచాటునుంచి నక్క పలకరించింది.

"ఏం కోడలు పిల్లా, ఇంత చక్కనిదానివి, ఒంటికి ఆ చేదు వాసనేంటి? పక్కనే వాగుంది. కడిగేసుకో."

చుక్కకు భయమేసింది. కానీ నక్క దూరంగానే కూర్చుని జాలిగా మాట్లాడేసరికి మెత్తబడి వాగులోకి దిగింది.

"మెడ బాగా రాతికి రుద్దుకో," అంది నక్క గట్టుమీద నుంచి. "ఆ తొడలు కూడా."

"చెవులు వద్దా మామా?"

"చెవుల్లో ఏముంటుంది? మెడ చూసుకో," అంటూ నక్క పెదాలు తడుపుకుంది.

చుక్కకు విషయం అర్థమైంది. పరిగెడితే దొరికిపోతుంది. గొంతు సవరించుకుని, "మెడ వెనక నాకు కనబడదు. నూనె పోయిందో లేదో నువ్వే నాకి చూడు మామా," అంది.

కొరికేముందు రుచి చూద్దామని నక్క గబుక్కున వాగులోకి దిగి నాలుక వేసింది. మరుక్షణం దాని ముఖం వంకర్లు పోయింది. తుపుక్కున ఉమ్మింది.

"పైపూతకే అలా అయిపోయావేం? పుట్టినప్పటినుంచీ నేను మేసేది వేపాకే. లోపలెలా ఉంటుందో చూసుకో," అంది చుక్క.

నక్క చేదు వదిలించుకోవడానికి నీళ్లలో మూతి ముంచింది. ఆ సందులో చుక్క గట్టెక్కి పాకదాకా ఆగకుండా పరిగెత్తింది.

జరిగిందంతా విని, "నీ ప్రాణం కాచింది పాక ముందున్న ఆ వేపచెట్టు. దానికి దండం పెట్టుకో," అన్నాడు గంగడు.

చుక్క వేపచెట్టు మొదలుకు తల ఆనించి దండం పెట్టుకుంది. చుట్టూ కొత్తగా లేచిన వేప మొలకలున్నాయి. వాటిమీద మూతి పెట్టబోయిన మేకలను కొమ్ములతో మెల్లగా పక్కకు నెట్టి, అక్కడే కాపలాగా పడుకుంది.

మనకు మేలు చేసేదాన్ని కడిగేసుకోమని ఎవరైనా చెబితే, ఆ మాట వెనక ఎవరి ఆకలి ఉందో ముందు చూసుకోవాలి.