జానెడు ఎత్తు సీటు

గవ్వలపాడు జమీందారుగారి పాత పందెం కారుకు ఉన్నవే రెండు సీట్లు. రెండూ చిరిగి స్ప్రింగులు పొడుచుకొచ్చాయి. మద్రాసు నుంచి వేరే సీట్లు తెప్పించి, బిగించడానికి దూదేకుల హుసేనయ్యను పిలిపించారు.

"ప్రభువుల సీటు పక్కసీటు కన్నా జానెడు ఎత్తుండాలి. లేదంటే ఇక కోటలో నీకు పనుండదు" అన్నాడు, రోజూ ఆ పక్కసీట్లో కూర్చునే దివాన్.

హుసేనయ్య జమీందారును తలపాగాతో సహా కూర్చోబెట్టి చూశాడు. అంగుళం లేపినా తలపాగా కప్పుకు తగులుతోంది, కాలు బ్రేకుకు అందడం లేదు. ముసలి కారును ముద్దుగా నిమిరి, "చిత్తం బాబూ" అన్నాడు.

మర్నాడు షికారుకు బయల్దేరారు. జమీందారు హాయిగా కూర్చున్నారు. దివాన్ మోకాళ్లు మాత్రం గడ్డానికి తగిలాయి. రోడ్డే కనబడలేదు.

"ఏమిట్రా ఇది?" అని కారు పక్కనే నిలబడ్డ హుసేనయ్య మీద అరిచాడు.

"తమరు చెప్పిన జానెడేనండి. ప్రభువుల్ని లేపడానికి కారు ఒప్పుకోలేదు. అందుకని తమరి సీటు కింది చట్రం తీసేశాను. కావాలంటే కొలిచి చూసుకోండి."

జమీందారు పగలబడి నవ్వారు. "బాగానే ఉంది. ఇలాగే ఉంచమంటారా దివాన్ గారూ?"

దివాన్ మోకాళ్ల మధ్య నుంచి తల పైకెత్తాడు. "రెండూ సమానంగా ఉన్నా మర్యాదకేం లోటు రాదు ప్రభూ!"