దాలమ్మ అడకత్తెర

అనగనగా, సముద్రం ఇప్పటికన్నా నాలుగు బారలు అవతల ఉండే రోజుల్లో, ఒక రేవు ఊరు. ఆ ఊరికి ఒక రేడియో వీధి. ఆ వీధికి ఒక చీపురు. ఆ చీపురు పట్టిన మనిషి దాలమ్మ.

ముందే చెప్పాలి, ఈ కథలో రాజు లేడు. వీధులు ఊడ్చిన రాజు దొరికితే అతని కథ ఇంకోసారి చెప్పుకుందాం.

దాలమ్మ ఆస్తి మూడే మూడు. చేతిలో చీపురు, రొంటిలో వక్కలు కత్తిరించుకునే అడకత్తెర, భుజం మీద కిరసనాయిలు గుడ్డ. రేవులో పడవలకి పూసే తారు అరికాళ్ళకి అంటుకుంటే ఆ గుడ్డతో తుడుచుకునేది. అక్షరం ముక్క రాదు. నోరు మాత్రం దేవుడు రెండు పాళ్ళు ఎక్కువే ఇచ్చాడు.

ఆస్తి కానిది ఒకటుంది, తమ్ముడు ఎల్లాజీ. తల్లి పోయాక చంకనేసుకుని పెంచింది. అక్కని "అప్పా" అని పిలిచేవాడు. చిన్నప్పుడు బురదలో పొర్లి గుమ్మంలోకొస్తే దాలమ్మ లోపలికి రానిచ్చేది కాదు.

"ముందు మొకం కడుక్కో. అప్పుడు సెప్తాను నువ్వెవరివో," అనేది.

వాడు పెద్దయ్యాడు, పెళ్ళి చేసుకున్నాడు, పడవెక్కి వేటకి పోతున్నాడు.

ఆ కాలంలో పడవకో మాటపెట్టె ఉండేది. రేవులో నిలబడి "గాలొస్తంది, తిరిగి రండి" అంటే నడిసముద్రంలో వినపడేది. ఆ పెట్టె కడుపులో వేలిగోరంత పార్టు. నల్లటి ఒళ్ళు, ఒంటిమీద తెల్లటి అక్షరాలు, కింద మూడు తీగ కాళ్ళు. అది బతికుంటే పెట్టె మాట్లాడుతుంది. అది చస్తే పెట్టె మూగపోతుంది.

పెట్టెలు బాగుచేసేవాడు మస్తాన్ మేస్త్రీ. చచ్చిన పార్టుని పీకి, ఒంటిమీద మేకుతో అడ్డగీత గీసి, కింద పడేసేవాడు. దాలమ్మ ఊడ్చి గోనెలో పోసేది. వారానికోసారి పాత సామాన్లవాడు బండి తోసుకొచ్చి, గోనె ఎత్తుకుని, ఒళ్ళో మూడు దోసిళ్ళ ఉల్లిపాయలు పోసేవాడు.

"ఇందులో ఏటుందని మోసుకుపోతన్నావురా?" అని అడిగిందోసారి.

"ఏటుంటాది అమ్మా, సెత్త," అన్నాడు వాడు.

చెత్తకి ఉల్లిపాయలు పోసే ధర్మాత్ముడు ఎందుకుంటాడని దాలమ్మ ఆలోచించలేదు. మనమైనా ఆలోచించేవాళ్ళం కాదు. ఎల్లాజీకి ఉల్లిపాయ పులుసంటే ప్రాణం. పులుసు కుదిరింది, అంతే.

ఒక ఏడు ఎల్లాజీ పడవ పెట్టె మూగపోయింది. మేస్త్రీ కొత్త పార్టు వేశాడు. పది రోజులకి మళ్ళీ మూగపోయింది. మళ్ళీ కొత్త పార్టు వేశాడు. మూడోసారి నడిసముద్రంలో, తుఫాను ముందు మూగపోయింది. తిరిగి రమ్మని రేవంతా అరిచింది. ఎల్లాజీ చెవిన పడలేదు. మూడో రోజున, చెక్కముక్క పట్టుకుని, కుడిచెయ్యి విరిగి, ఒడ్డుకి కొట్టుకొచ్చాడు.

దాలమ్మ ఏడవలేదు. సముద్రాన్ని తిట్టింది. మూడు రోజులు తిట్టింది.

చెయ్యి అతుక్కుంది. మళ్ళీ వేట మొదలయ్యే రోజు వచ్చింది. పన్నెండు పడవలు సిద్ధం. పన్నెండు పెట్టెలూ కొత్త పార్టుల కోసం మస్తాన్ మేస్త్రీ బల్ల మీదున్నాయి. పార్టులమ్మే గున్నయ్య సావుకారు, కంపెనీ ముద్ర ఉన్న పొట్లం తెచ్చి విప్పాడు. నిగనిగలాడే కొత్త పార్టులు, ముప్ఫై. అందులోంచి ఒకటి జారి దాలమ్మ చీపురు దగ్గర పడింది. వంగి తీసింది.

చదువుకున్నవాళ్ళయితే అక్షరాలు చూసేవాళ్ళు. దాలమ్మ కాళ్ళు చూసింది. కొత్తదాని కాళ్ళు పొడుగ్గా, తిన్నగా, మెరుస్తూ ఉంటాయి. దీనివి పొట్టి కాళ్ళు. ఒకసారి వంగి, మళ్ళీ సాగదీసిన కాళ్ళు. చివర, పెట్టెకి అతికిన సీసం గీకేసిన గరుకు.

"మేస్త్రీ, దీన్ని నాను ఊడిసినాను," అంది.

మేస్త్రీ కళ్ళజోడు సర్దుకున్నాడు. "అక్షరాలన్నీ సరిగానే ఉన్నాయి దాలమ్మా. నీ పని చూసుకో."

గున్నయ్య పొట్ట కదిలేలా నవ్వాడు. "అ ఆలు రానిదానివి, పార్టు పుట్టుపూర్వాలు చెప్తావేటే?"

ఎల్లాజీ సిగ్గుతో చచ్చిపోయాడు. "అప్పా, నలుగురిలో పరువు తియ్యకు. పడవలు ఆగిపోయున్నాయి."

"నీ పరువు తీస్తాను గానీ నీ పాడె కట్టను. నోర్ముయ్!"

కిరసనాయిలు గుడ్డ భుజం మీంచి తీసింది. పార్టుని అరచేతిలో పెట్టుకుని, పసివాడితో అన్నట్టు అంది:

"ముందు మొకం కడుక్కో. అప్పుడు సెప్తాను నువ్వెవరివో."

ఒకసారి రుద్దింది, అక్షరాలు పోయాయి. రెండోసారి రుద్దింది, పైన పూసిన నల్లరంగు కరిగింది. మూడోసారి రుద్దింది. మేకుతో గీసిన అడ్డగీత బయటపడింది.

మస్తాన్ మేస్త్రీ పార్టుని కళ్ళజోడు దగ్గరకి తెచ్చుకున్నాడు. "ఇది నా గీతే. దీన్ని నేనే పీకి పారేశాను. మళ్ళీ నా చేత్తోనే వేస్తున్నానా?"

"నాకేం తెలుసు?" అన్నాడు గున్నయ్య. "పట్నంలో సగం ధరకి ఇస్తామంటే తెచ్చాను. పొట్లానికి ముద్ర ఉంది కదా!"

"పొట్లానికుంది బాబూ. ముసుగు బాగుందని తాళి కట్టీస్తావేటి? లోపల మీ మావగారుంటే?" అంది దాలమ్మ.

వీధంతా నవ్వింది. గున్నయ్య తల దించుకున్నాడు. అందరితో పాటు నవ్వబోయి దాలమ్మ ఆగిపోయింది. ఊడ్చింది తను. గోనెలో పోసింది తను. ఆ గోనె పట్నం పోయి, రంగు పూసుకుని, కొత్త పొట్లంలో తిరిగొస్తోందని ఇప్పుడు తెలిసింది. నోరు మూసుకుంటే పోయేది, ఎవరికీ తెలిసేది కాదు. కానీ దాలమ్మకి నోరు మూసుకోవడం చేతకాదు.

"మూడు దోసిళ్ళ ఉల్లిపాయలు," అంది. "సెత్తనుకుని ఇచ్చీసినాను. మా ఎల్లాజీ పెట్టె గొంతు నానే అమ్మీసినాను. ఆ ఉల్లిపాయలు వండి ఆడికే పెట్టినాను."

ఎల్లాజీ వచ్చి పక్కన చతికిలబడ్డాడు. అతుక్కున్న చేత్తో గుడ్డ రెండో కొస పట్టుకున్నాడు.

"పులుసు బాగానే ఉండేదప్పా," అన్నాడు. "రా, మిగతావాటి మొకాలు కడుగుదాం."

అక్కా తమ్ముడూ కూర్చుని ముప్ఫైకి ముప్ఫై కడిగారు. ముఖం చెదరనివి మూడే మిగిలాయి. పడవలు పన్నెండు, పార్టులు మూడు. ఆ రోజుకి వేట మానేద్దామన్నారు కొందరు. ఇంట్లో గింజల్లేవన్నారు మిగతావాళ్ళు. దాలమ్మే దారి చెప్పింది. గొంతున్న పడవలు మూడూ ముందు. ఒక్కోదాని వెనక మూడేసి మూగ పడవలు, కేక వినపడేటంత దూరంలో.

మూడో రోజున గాలి లేచింది. రేవులోంచి పిలుపు వెళ్ళింది. మూడు పెట్టెలు మాట్లాడాయి. పడవ నుంచి పడవకి కేక పోయింది. పన్నెండు వెళ్ళాయి, పన్నెండూ తిరిగొచ్చాయి.

వారం తిరిగేసరికి పాత సామాన్లవాడు బండి తోసుకొచ్చాడు. గోనెలో చెయ్యి పెట్టి తెల్లబోయాడు.

"ఏటమ్మా ఇది, అన్నిటికీ కాళ్ళు ఇరిగిపోనాయి!"

దాలమ్మ అడకత్తెర చూపించింది. "నానే కత్తిరించినాను. సచ్చినోళ్ళు మళ్ళీ నడిసి రాకూడదురా. నీ ఉల్లిపాయలు నువ్వే తిను."

మళ్ళీ ఆ బండి ఆ వీధి తొక్కలేదు. దాలమ్మ బతికినన్నాళ్ళూ చచ్చిన ప్రతి పార్టుకీ మూడు కాళ్ళూ కత్తిరించింది. మళ్ళీ ఉల్లిపాయ ముట్టలేదు. ఒకనాడు చీపురు గోడకి ఆనించి, అలా కూర్చునే పోయింది. ఎల్లాజీ తడిగుడ్డతో అక్క ముఖం తుడిచాడు.

ఆమె అడకత్తెరని మస్తాన్ మేస్త్రీ తన గుమ్మానికి వేలాడదీశాడు. ఇప్పటికీ ఆ వీధిలో కొత్త పార్టు వస్తే, ముద్ర ఎంత గొప్పదైనా, ముందు గుడ్డ పెట్టి ముఖం కడుగుతారు. చచ్చినదాన్ని పారేసే ముందు మూడు కాళ్ళూ విరిచి "దాలమ్మ దగ్గరికి పో" అంటారు.

వేట మొదలయ్యే రోజున రేవులో ఇంటింటా ఉల్లిపాయ లేని పులుసే. చప్పగా ఉంటుంది. ఉప్పు చాల్లేదనొచ్చు, పులుపు చాల్లేదనొచ్చు. ఉల్లిపాయ ఏదని మాత్రం అడక్కూడదు. అడిగితే ఆ ఇంటి ముసలమ్మ కిరసనాయిలు గుడ్డ పట్టుకుని లేస్తుంది.

"ఇలారా. ముందు మొకం కడుక్కో. అప్పుడు సెప్తాను నువ్వెవరివో."