యాదగిరి కుర్చీలో ఒక రోజు

నరహరి మాస్టారికి ఒక అలవాటు ఉంది. ఎవరైనా సలహా అడిగితే సలహా ఇవ్వరు, ఏదో ఒక పని చెబుతారు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పినన్నాళ్లూ అంతే. రిటైరయ్యాక హనుమకొండలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి పెద్దదిక్కుగా వచ్చినా అంతే.

ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్న రజిత ఇప్పుడు అక్కడే టీమ్ లీడర్. ఒక సోమవారం ఆయన గదిలోకి వచ్చి నిలబడింది.

"మాస్టారూ, మారనంటున్న వాళ్లను ఎలా మార్చాలి?"

ఒక కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్ ఉన్నట్టు నడిపించే వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ మీదే వాళ్ల పనంతా. వాడుతున్నది నెలాఖరుకు ఆగిపోతుంది. దాని బదులు కొత్తదాన్ని రజితే వెతికి, పరీక్షించి తెచ్చింది. టీమ్‌లోని పదకొండుమందిలో ఒక్కరూ దాన్ని ముట్టుకోలేదు. ఏ చిక్కొచ్చినా వాళ్లంతా పరిగెత్తేది సీనియర్ యాదగిరి దగ్గరికే. ఆయన కదిలితే తప్ప వాళ్లు కదలరు. ఆయనేమో "చూద్దాం మేడమ్" అంటూ మూడు వారాలు గడిపేశాడు. ఇక ఆయన పేరు పైవాళ్లకు రాసి పంపాల్సిందేనని రజిత కోపం.

మాస్టారు అంతా విన్నారు. "రేపు పొద్దంతా యాదగిరి కుర్చీలో కూర్చో. కొత్తదాంట్లో ఆయన పని నువ్వు చెయ్. ఆయన్ని పక్కనే ఉండమను," అన్నారు.

రజిత ఇష్టం లేకుండానే కూర్చుంది. పాతదాంట్లో యాదగిరి తెర మీది అక్షరాలు చింతగింజలంత ఉన్నాయి. కొత్తది తెరవగానే అవే ఆవగింజలైపోయాయి.

"మూడో వరుసలో ఏముంది యాదగిరన్నా?" అని అడిగింది.

యాదగిరి కుర్చీ ముందుకు జరిపి, ముక్కు తెరకు తగిలేంత దగ్గరికి వంగాడు. అయినా చదవలేకపోయాడు. రజిత చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

"ఈ కండ్ల మసక అద్దాలతోని పోయేది కాదమ్మా," అన్నాడు, ఎప్పుడూ మేడమ్ అని పిలిచే ఆ మనిషి. "రెండేండ్లయింది. చెప్తే ఇంటికి పొమ్మంటరని చెప్పలే. పాతదాంట్ల ఎట్లనో పెద్దగ చేసుకున్న. దీంట్ల అయితలేదు."

నాతో ఒక్క మాట అనొచ్చు కదన్నా అనబోయి రజిత ఆగింది. ఈ మూడు వారాల్లో తను మాత్రం ఎందుకని ఒక్కసారైనా అడిగిందా?

ఇద్దరూ భోజనం మాట మరిచిపోయి సెట్టింగులన్నీ తిరగేశారు. మూడింటికి అక్షరాలు పెద్దవయ్యాయి. యాదగిరి వెనక్కి వాలి, మూడో వరుసను బడిపిల్లాడిలా గట్టిగా పైకి చదివాడు. పక్క బల్లల వాళ్లు తలలు తిప్పి చూశారు.

శుక్రవారానికి పదకొండుమందీ మారారు. సగం మందికి యాదగిరే దగ్గరుండి అమర్చిపెట్టాడు. తన చూపు సంగతి తనే అందరికీ చెప్పుకున్నాడు. ఎవరూ ఇంటికి పొమ్మనలేదు. రజిత ఆయన బల్ల మీదికి పెద్ద తెర తెప్పించింది.

ఆ సాయంత్రం మాస్టారి గదికి వెళ్లి అడిగింది: "ఆయన కళ్ల సంగతి మీకు ముందే తెలుసా మాస్టారూ?"

"తెలియదమ్మా," అన్నారాయన. "తెలిసుంటే నేనే చెప్పేసి చెడగొట్టేవాణ్ని."